టెక్సాస్‌లో అసలు ఎన్నిక మార్చిలోనే అయిపోతుంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పోయిన నెలే సిటిజన్‌షిప్ ప్రమాణం చేశారు, ఉండేది ఫ్రిస్కోలో. ప్రైమరీలో, అంటే పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకునే మార్చి ఎన్నికలో, ఓటెయ్యాలంటే ఏ పార్టీయో చెప్పాలని ఎవరో అన్నారు. ఒకసారి చెబితే నవంబరులోనూ ఆ పార్టీకే వెయ్యాలా? పైగా టెక్సాస్ ఎలాగూ రిపబ్లికన్ల రాష్ట్రం, అధ్యక్ష ఎన్నికలో మీ ఓటుతో ఒరిగేదేముంది?

మొదటిదానికి జవాబు ఒక్క ముక్క: అక్కర్లేదు. నవంబరులో మీ ఇష్టం. రెండోదానికి మాత్రం కాస్త ఓపిగ్గా చదవాలి. ఎందుకంటే ఫలితం ముందే తెలిసిపోయే రాష్ట్రం కాబట్టే ఇక్కడ మార్చిలో వెళ్లాలి. నేను 2007లో సిటిజన్ అయ్యాను. ఆ మరుసటి ఏడాది నుంచి ఒక్క ప్రైమరీ కూడా వదల్లేదు. కొన్నేళ్లుగా పోలింగ్ కేంద్రంలో క్లర్కుగా కూర్చుంటున్నాను, ఓటరు నమోదు ఫారాలు తీసుకునే వాలంటీరు డిప్యూటీ రిజిస్ట్రారుగా కూడా చేశాను. మన వాళ్లకి ఎక్కడెక్కడ తికమక వస్తుందో బాగా చూశాను.

ముందు నమోదు సంగతి. టెక్సాస్‌లో ఓటరుగా నమోదు చేసుకునేటప్పుడు పార్టీ పేరు అడగరు. న్యూయార్క్ లాంటి చోట్ల నమోదు ఫారంలోనే పార్టీ రాయాలి, రాయకపోతే ప్రైమరీలో ఓటు లేదు. ఇక్కడ ఆ గడే లేదు. ఫారం నింపి, సంతకం పెట్టి, కౌంటీ ఆఫీసుకి పోస్టులో పంపాలి, లేదా నాలాంటి వాలంటీరు చేతికివ్వాలి. మేం ఐదు రోజుల్లోపు ఆఫీసులో ఇచ్చేయాలి. ఆన్‌లైన్‌లో మామూలుగా కుదరదు, డ్రైవింగ్ లైసెన్సు ఆన్‌లైన్‌లో రెన్యూ చేసుకునేటప్పుడు తప్ప. ఎన్నికకి 30 రోజుల ముందే అయిపోవాలి. 2024 మార్చి 5 ప్రైమరీకి ఫిబ్రవరి 5 ఆఖరు తేదీ. ఇక ఫ్రిస్కో ఊరు సగం కాలిన్ కౌంటీలో, సగం డెంటన్ కౌంటీలో ఉంది. మీ ఇల్లు ఎటుందో ప్రాపర్టీ టాక్స్ బిల్లులో చూసుకోండి. ఓటర్ల జాబితా కౌంటీ వారీగా ఉంటుంది. ఇంతకుముందు అర్వింగ్‌లో ఉన్నవాళ్లు డాలస్ కౌంటీ నుంచి ఇటు మారినట్టు, కాబట్టి మళ్లీ నమోదు చేసుకోవాల్సిందే.

ఇక్కడ ఒక్క హెచ్చరిక చేసి ముందుకెళ్తాను. ఇది మీకు కాదు, మీ ఇంట్లో హెచ్1బీ మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్నవాళ్లకి. లైసెన్సు ఆఫీసులో "ఓటరుగా నమోదు చేసుకుంటారా" అని ఒక గడి ఉంటుంది. పరధ్యానంగా అవునని టిక్కు పెట్టి సంతకం చేసేవాళ్లున్నారు. సిటిజన్ కాకుండా సిటిజన్‌నని సంతకం పెట్టడం చిన్న పొరపాటు కాదు. రేపు సిటిజన్‌షిప్ దరఖాస్తులో "ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా" అని సూటిగా అడుగుతారు. అక్కడ మొదలయ్యే టెన్షన్ దేశం నుంచి పంపించేసేదాకా వెళ్లొచ్చు. ఎవరైనా పొరపాటున ఆ టిక్కు పెట్టి ఉంటే ముందు ఇమిగ్రేషన్ లాయరు దగ్గరికి వెళ్లమనండి.

ఇక ప్రైమరీ. మన ఊళ్లో ఎన్నికలొస్తే టికెట్ ఎవరికొస్తుందా అని ఎదురుచూస్తాం కదా. హైదరాబాదులోనో విజయవాడలోనో ఢిల్లీలోనో ఎవరో నిర్ణయిస్తారు, బీ-ఫారం ఎవరి చేతికొస్తే వాళ్లే అభ్యర్థి. ఇక్కడ బీ-ఫారం ఇచ్చేది జనం. ప్రైమరీ అంటే అంతే. ఆ పని మీరు చెయ్యాలంటే ఏ పార్టీ బీ-ఫారం గురించి మాట్లాడుతున్నారో చెప్పాలి కదా, అందుకే బూత్‌లో "రిపబ్లికనా, డెమోక్రటా" అని అడుగుతారు. చెప్పిన పార్టీ బ్యాలెట్ ఇస్తారు. రెండూ ఇవ్వరు.

ఆ ఎంపిక మిమ్మల్ని ఎంతవరకు కట్టేస్తుందంటే, ఆ ఏడాది డిసెంబరు 31 దాకా, అదీ కొన్ని విషయాల్లోనే. మార్చిలో ఒక పార్టీ బ్యాలెట్ తీసుకుంటే మే నెల రనాఫ్‌లో (మార్చిలో ఎవరికీ సగానికి పైగా ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య జరిగే రెండో పోటీ) రెండో పార్టీ బ్యాలెట్ తీసుకోలేరు. ఇంకో పార్టీ కన్వెన్షన్‌లో (పార్టీ మహాసభలో) పాల్గొనలేరు, అదే పదవికి నిలబడే ఇండిపెండెంట్ పిటిషన్ మీద సంతకం పెట్టలేరు. నవంబరుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మార్చిలో అసలు ఓటెయ్యకపోతే రనాఫ్‌లో ఏ పార్టీ వైపైనా వెళ్లొచ్చు. ఇంకో సంగతి: మీరు ఎవరికి వేశారో రహస్యం, కానీ ఏ పార్టీ ప్రైమరీలో వేశారో రహస్యం కాదు. ఆ జాబితా పార్టీల చేతికి వెళ్తుంది. ఇంటికొచ్చే కరపత్రాలన్నీ దాన్ని బట్టే. రిపబ్లికన్ పార్టీ తన ప్రైమరీలోకి ఎవరు పడితే వాళ్లు రాకుండా కట్టడి చేయాలని పట్టుదలగా ఉంది. అందుకని 2028కి ముందు కౌంటీ ఎన్నికల వెబ్‌సైటులో రూల్ ఒకసారి చూసుకోండి. ఇప్పుడున్న చట్టం ప్రకారం సరి సంవత్సరాల్లో మార్చి మొదటి మంగళవారం ప్రైమరీ, అంటే 2028లో మార్చి 7.

అధ్యక్ష అభ్యర్థి దగ్గరకొచ్చేసరికి ఈ బీ-ఫారం కాస్త చుట్టు తిరిగి వస్తుంది. మీరు వేసేది అభ్యర్థి పేరుకే అయినా, లెక్కలో తేలేది డెలిగేట్లు, అంటే ఆ అభ్యర్థి తరఫున వెళ్లే ప్రతినిధులు. వాళ్లు వేసవిలో పార్టీ జాతీయ కన్వెన్షన్‌కి వెళ్లి అభ్యర్థిని ఖరారు చేస్తారు. డెమోక్రాట్లు ఓట్ల శాతాన్ని బట్టి పంచుతారు. 15 శాతం దాటనివాళ్లకి ఏమీ రాదు. చాలా రాష్ట్రాల్లో కాంగ్రెస్ నియోజకవర్గాల వారీగా పంచితే, టెక్సాస్ డెమోక్రాట్లు మాత్రం 31 రాష్ట్ర సెనేట్ నియోజకవర్గాల వారీగా పంచుతారు. రిపబ్లికన్ల లెక్క వేరు. 2016లో టెక్సాస్ సెనేటర్ టెడ్ క్రూజ్ సొంత రాష్ట్రంలో దాదాపు 44 శాతం ఓట్లు తెచ్చుకుని 155 మంది డెలిగేట్లలో 104 మందిని పట్టుకెళ్లాడు. ట్రంప్‌కి 27 శాతం దగ్గర, 48 మంది. అప్పుడు టెక్సాస్ ఓడించిన మనిషే తర్వాత అభ్యర్థి అయ్యాడు, నవంబరులో టెక్సాస్‌నీ గెలిచాడు.

నేను మొదటిసారి ఓటేసిన 2008 మార్చి 4 సంగతి చెప్పకుండా ఉండలేను. అప్పట్లో టెక్సాస్ డెమోక్రాట్లకి ఒకే రోజు రెండు అంచెలుండేవి. టెక్సాస్ టూ-స్టెప్ అని డాన్సు పేరుతో పిలిచేవాళ్లు. పగలు ప్రైమరీలో ఓటెయ్యాలి, రాత్రి పోలింగ్ ముగిశాక మళ్లీ అక్కడికే వచ్చి కాకస్‌లో, అంటే పార్టీ ఓటర్ల సమావేశంలో, ఎవరి వైపో సంతకం పెట్టాలి. పగలు వేసినవాళ్లకే రాత్రి ప్రవేశం. 193 మంది డెలిగేట్లలో 126 మంది పగటి ఓటుతో, మిగతా 67 మంది రాత్రి కాకస్‌తో.

మా ప్రీసింక్ట్ (పోలింగ్ వార్డు) కాకస్ జరిగింది ఒక ఎలిమెంటరీ స్కూలు భోజనాల గదిలో. రాత్రి ఏడుంపావుకి వెళ్తే లోపల అడుగు పెట్టే చోటు లేదు. నిర్వాహకులు పదుల్లో వస్తారనుకుని ఉంటారు, వందల్లో వచ్చారు. సంతకాల కాగితాలు అయిపోయి ఎవరో స్కూలు నోటుబుక్కులోంచి పేజీలు చింపి గీతలు గీస్తున్నారు. ఒబామా వాళ్లు పాల డబ్బాల ఫ్రిజ్ వైపు, క్లింటన్ వాళ్లు కిటికీ వైపు. ఆరేళ్ల పిల్లల బెంచీల మీద అరవై ఏళ్ల పెద్దమనుషులు మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. పక్కనే ఒక తెల్లావిడ, ముప్పై ఏళ్లుగా ఇదే ఊళ్లో ఉంటున్నాను, మా వీధిలో ఇంతమంది డెమోక్రాట్లున్నారని ఇవాళే తెలిసిందంది. ఇంటికొచ్చేసరికి పదకొండు. మా ఆవిడ "ఓటెయ్యడానికి వెళ్లావా, జాతరకి వెళ్లావా" అంది.

ఫలితం ఇంకా విచిత్రం. పగలు ఓట్లలో క్లింటన్ గెలిచింది, 51-47 అటూ ఇటూగా. డెలిగేట్లలో ఆవిడకి 65, ఒబామాకి 61. రాత్రి కాకస్‌లో ఒబామాకి 38, ఆవిడకి 29. కలిపి చూస్తే ఒబామా 99, క్లింటన్ 94. టీవీల్లో రాత్రంతా క్లింటన్ గెలిచిందనే చెప్పారు, డెలిగేట్లు ఎక్కువ తీసుకెళ్లింది ఒబామా. ఆ టూ-స్టెప్ 2016 నుంచి లేదు. నా ఉద్దేశంలో తీసెయ్యడమే మంచిదైంది. రాత్రి షిఫ్టు నర్సు, చంటిపిల్లల తల్లి మళ్లీ రాత్రి ఏడింటికి ఎలా వస్తారు?

2020 నుంచి నేర్చుకున్నది ఇప్పటికీ పనికొస్తుంది. ఇక్కడ ముందస్తు ఓటింగ్ చాలా సుఖం. 2024 ప్రైమరీకి ఫిబ్రవరి 20 నుంచి మార్చి 1 దాకా కౌంటీలో ఏ కేంద్రానికైనా వెళ్లి వేసే వీలుండింది. నవంబరు ఎన్నికకైతే నేనూ ముందే వేసి వచ్చేస్తాను. కానీ అధ్యక్ష ప్రైమరీలో పోటీ గట్టిగా ఉన్న ఏడు తొందరపడకండి. 2020లో మార్చి 3 పోలింగైతే, డెమోక్రాట్ల అభ్యర్థిత్వానికి పోటీపడుతున్నవాళ్లలో మార్చి 1న బూటిజెజ్, మార్చి 2న క్లోబుచార్ తప్పుకున్నారు. ఆ 2వ తేదీ రాత్రే ఇద్దరూ మన డాలస్‌కి వచ్చి బైడెన్‌కి మద్దతు ప్రకటించారు. అప్పటికే వాళ్లకి ముందస్తుగా వేసినవాళ్ల ఓట్లు గాల్లో కలిసినట్టే, వేసిన ఓటు వెనక్కి తీసుకోలేం. మర్నాడు బైడెన్ ఇక్కడ దాదాపు ఐదు పాయింట్ల తేడాతో శాండర్స్‌ని దాటాడు.

అదే రోజు హ్యూస్టన్‌లో ఒక యూనివర్సిటీ కేంద్రంలో ఆఖరి ఓటరు ఆరు గంటలకి పైగా నిలబడి, అర్ధరాత్రి దాటాక ఓటేశాడు. ప్రైమరీ నడిపేది పార్టీలు కాబట్టి యంత్రాలు రెండు పార్టీలకీ చెరిసగం పంచారు. జనమంతా ఒక వైపు వరసలో, రెండో వైపు యంత్రాలు ఖాళీ. రాత్రి ఏడు గంటలకి వరసలో ఉంటే చాలు, ఎంత ఆలస్యమైనా ఓటెయ్యనివ్వాల్సిందే. ఇది గుర్తుపెట్టుకోండి, ఎవరో "టైమైపోయింది" అన్నారని వెనక్కి వచ్చేయకండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఒరిగేదేముంది అన్నది. 1976లో కార్టర్ తర్వాత టెక్సాస్ ఏ డెమోక్రాట్‌నీ అధ్యక్షుడిగా ఎంచుకోలేదు. 1994 తర్వాత రాష్ట్రవ్యాప్త పదవి ఒక్కటి కూడా డెమోక్రాట్లు గెలవలేదు. ఇవి చూసి మన వాళ్లు నవంబరులో ఒక్కసారి వేసి చేతులు దులుపుకుంటారు, లేదా అసలు వెళ్లరు. కానీ ఒకే పార్టీ గెలిచే చోట నిర్ణయం నవంబరులో జరగదు, ఆ పార్టీ ప్రైమరీలో జరుగుతుంది. ఈ సంగతి టెక్సాస్‌కి కొత్త కాదు. వందేళ్ల కింద ఇదే రాష్ట్రం డెమోక్రాట్ల కోట. ప్రైమరీ గెలిస్తే నవంబరు లాంఛనమే. అందుకే 1923లో ఇక్కడి శాసనసభ ఏకంగా చట్టం చేసింది, డెమోక్రాటిక్ ప్రైమరీలో నల్లవాళ్లు ఓటెయ్యకూడదని. నవంబరులో వేసుకోనిచ్చారు, ఎందుకంటే అప్పటికి తేలాల్సింది తేలిపోయేది. ఎల్ పాసో డాక్టర్ లారెన్స్ నిక్సన్ కోర్టుకెళ్లి 1927లో ఆ చట్టాన్ని కొట్టించాడు. చట్టం పోతే పార్టీ సొంత నిబంధన పెట్టుకుంది. చివరికి హ్యూస్టన్ పళ్ల డాక్టర్ లానీ స్మిత్ కేసులో 1944లో సుప్రీంకోర్టు ఆ తలుపు పూర్తిగా తెరిపించింది. ఆ కేసు వాదించిన లాయర్లలో తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయిన థర్గుడ్ మార్షల్ ఒకడు. మనిషిని ఎక్కడ ఆపితే అధికారం అందదో ఆ చట్టం చేసినవాళ్లకి బాగా తెలుసు. నవంబరులో కాదు, ప్రైమరీలో ఆపారు.

ఇంకో ముచ్చట. 1948లో సెనేట్ సీటుకి డెమోక్రాటిక్ రనాఫ్‌లో లిండన్ జాన్సన్, మాజీ గవర్నర్ కోక్ స్టీవెన్సన్ పోటీపడ్డారు. దాదాపు 10 లక్షల ఓట్లు పోలయ్యాయి. పోలింగ్ అయిన ఆరు రోజులకి ఆలిస్ అనే చిన్న ఊరి 13వ నంబరు పెట్టెలోంచి కొత్తగా రెండు వందల ఓట్లు బయటపడ్డాయి. చేరిన పేర్లన్నీ ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో, అక్షర క్రమంలో ఉన్నాయని తర్వాత జాబితా చూసినవాళ్లు చెప్పారు. జాన్సన్ 87 ఓట్లతో గెలిచాడు. రిగ్గింగ్ అనే మాట మనమే కనిపెట్టాం అనుకునేవాళ్లకి ఈ కథ చెబుతుంటాను. ఆయనే పదిహేనేళ్లకి దేశాధ్యక్షుడయ్యాడు. ఆ దారి తెరుచుకుంది రనాఫ్‌లో.

ఇవి పాత కథలంటారా, మీ పిల్లల స్కూలు సంగతే తీసుకోండి. ప్రభుత్వ డబ్బు ప్రైవేటు స్కూలు ఫీజులకి ఇచ్చే వౌచర్ల బిల్లుని 2023 నవంబరులో టెక్సాస్ హౌస్ (రాష్ట్ర శాసనసభ దిగువ సభ) అడ్డుకుంది. 21 మంది రిపబ్లికన్లు డెమోక్రాట్లతో కలిశారు. గవర్నర్ ఆబట్ 2024 ప్రైమరీలో సొంత పార్టీలోనే వాళ్లకి వ్యతిరేకంగా అభ్యర్థుల్ని దింపి ప్రచారం చేశాడు. కొందరు ఓడారు, కొందరు పోటీ చేయకుండా తప్పుకున్నారు. 2025లో వంద కోట్ల డాలర్ల వౌచర్ పథకం పాసైంది. ఆ మార్పుకి మీరు అనుకూలమో వ్యతిరేకమో నాకనవసరం. అది తేలింది ట్రంప్-హారిస్ పోటీలో కాదు, అంతకు ఎనిమిది నెలల ముందు. 2024 ప్రైమరీల్లో రెండు పార్టీలూ కలిపి వేసింది సుమారు 33 లక్షల మంది, నవంబరులో కోటీ పదమూడు లక్షల పైన. లెక్క మీరే వేసుకోండి, ఎవరి ఓటు బరువెక్కువో. అదే ఏడు మే రనాఫ్‌లో హౌస్ స్పీకర్ డేడ్ ఫీలన్ సీటు నాలుగొందల లోపు ఓట్లతో నిలబడింది. మన వాళ్ల ఉగాది ఫంక్షన్‌కి అంతకంటే ఎక్కువమంది వస్తారు.

అంటే రిపబ్లికన్ ప్రైమరీకే వెళ్లమంటున్నానా? లేదు. మీకు ఏ పార్టీలో అభ్యర్థిని ఎంచుకోవాలని ఉందో అటే వెళ్లండి. "నేను ఫలానా పార్టీ మనిషినని ముద్ర పడుతుంది" అని భయపడి ఆగిపోకండి, అంతే.

నవంబరు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అధ్యక్షుణ్ణి లాంఛనంగా ఎన్నుకునేది ఎలక్టర్లు. టెక్సాస్‌కి 40 మంది, ఒక్క ఓటు ఎక్కువొచ్చినా నలభై మందీ గెలిచినవాళ్లకే. నెబ్రాస్కా, మెయిన్ మాత్రం కొంత విడగొడతాయి. 2024లో ట్రంప్‌కి 56 శాతం, హారిస్‌కి 42. ఆవిడకి 48 లక్షల పైన ఓట్లొచ్చినా ఎలక్టరు ఒక్కరూ రాలేదు. డిసెంబరులో ఆ ఎలక్టర్లు ఆస్టిన్ క్యాపిటల్‌లో కూర్చుని సంతకాలు పెడతారు. 2016లో ఇద్దరు టెక్సాస్ ఎలక్టర్లు ట్రంప్‌ని కాదని వేరే రిపబ్లికన్ నాయకులకి, ఒకరు కేసిక్‌కి, ఒకరు రాన్ పాల్‌కి వేశారు. పెద్ద గొడవైంది కానీ ఫలితం మారలేదు. అయినా టెక్సాస్ ఎప్పటికీ ఇలాగే ఉంటుందని నేననను. మన కాలిన్ కౌంటీ 2012లో రిపబ్లికన్ అభ్యర్థి రామ్నీకి 65 శాతం ఇచ్చింది, 2020లో ట్రంప్‌కి 51 దగ్గర ఆగింది. మరోవైపు సరిహద్దులోని స్టార్ కౌంటీ 1892 తర్వాత మొదటిసారి 2024లో రిపబ్లికన్‌కి వేసింది. జనం కదులుతూనే ఉన్నారు, రెండు దిక్కులా.

బూత్‌కి వెళ్లే ముందు కొన్ని. ఫోటో ఐడీ కావాలి: టెక్సాస్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఫోటో ఉన్న సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ ఏదైనా సరే. తుపాకీ లైసెన్సు చెల్లుతుంది, కాలేజీ ఐడీ చెల్లదు. మీవాడు యూనివర్సిటీ కార్డు పట్టుకుని వస్తే తిప్పి పంపాల్సి వస్తుంది, ముందే చెప్పండి. అమ్మానాన్నలు సిటిజన్లై 65 దాటి ఉంటే పోస్టులో ఓటెయ్యొచ్చు. మిగతావాళ్లకి జబ్బో, ఆ రోజుల్లో కౌంటీలో లేకపోవడమో లాంటి కారణం ఉండాలి. బ్యాలెట్ ఇంగ్లీషులో, స్పానిష్‌లో ఉంటుంది, మన కౌంటీల్లో తెలుగు లేదు. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు తోడుగా కొడుకునో కోడలినో తీసుకెళ్లొచ్చు. తోడొచ్చినవాళ్లు ఒక ప్రమాణం చేయాలి, ఎవరికి వెయ్యాలో వాళ్లు చెప్పకూడదు. అభ్యర్థి పేరున్న టీషర్టు వేసుకొస్తే వంద అడుగుల గీత దగ్గరే ఆపుతాం. ఒకాయన్ని రెస్టురూముకి పంపి చొక్కా తిరగేసి వేసుకు రమ్మన్నాను, నవ్వుతూనే వెళ్లాడు.

బ్యాలెట్ పొడుగు చూసి కంగారుపడకండి. ఇక్కడ జడ్జీలు కూడా పార్టీ గుర్తుతోనే పోటీ చేస్తారు. రైల్‌రోడ్ కమిషనర్ అని ఒక పదవి కనిపిస్తుంది, దానికి రైళ్లతో ఇప్పుడు పనేం లేదు, చమురు, గ్యాస్ వ్యవహారాలు చూస్తారు. రిపబ్లికన్ ప్రైమరీ బ్యాలెట్ చివర "దీన్ని మీరు సమర్థిస్తారా" అని ప్రశ్నలుంటాయి. అవి పార్టీ అభిప్రాయ సేకరణ, చట్టాలు కావు.

ఫోన్ లోపల తియ్యనివ్వరు. కాబట్టి పేర్లు ఫోన్‌లో రాసుకుంటే లాభం లేదు. మా ఆవిడ సరుకుల చీటీ వెనక రాసి పట్టుకెళ్తుంది, ముందు వైపు కందిపప్పు, వెనక వైపు జడ్జీలు. కాగితానికి అభ్యంతరం లేదు.